మొండి ధాతువుల శుద్ధి: తుమ్మలపల్లె యురేనియం నేర్పే పాఠం

లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరవాత మీరు:
• ఒక ధాతువును శుద్ధి చేయడం ఏ కారణాల వల్ల కష్టమవుతుందో వివరించగలుగుతారు.
• తుమ్మలపల్లె యురేనియం ధాతువుకు ఆమ్ల నిక్షాళనం ఎందుకు పనికిరాదో లెక్కకట్టి చూపగలుగుతారు.
• పీడనంతో కూడిన క్షార నిక్షాళనం ఎలా పనిచేస్తుందో దశలవారీగా చెప్పగలుగుతారు.
• ఒక శుద్ధి పద్ధతి మంచిచెడ్డలను, అది వదిలిపెట్టే నీటినీ వ్యర్థాన్నీ కూడా లెక్కలోకి తీసుకుని బేరీజు వేయగలుగుతారు.

1. పరిచయం

హైదరాబాద్ మెట్రోలో పంజాగుట్ట తరవాత అమీర్‌పేట వస్తుంది. అక్కడ రైలు మారి నాగోలు వైపు వెళితే తరవాతి స్టేషన్ బేగంపేట. ఈ దారిలో రోజూ తిరిగే వేలమంది విద్యార్థులకు ఇది శిక్షణ కేంద్రాల ప్రాంతంగా, పంజాగుట్ట నగల దుకాణాల ప్రాంతంగా మాత్రమే తెలుసు. దేశంలో యురేనియం ఎక్కడ ఉందో వెతికే సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే, బేగంపేటలో ఉంది. దాని పేరు అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన సంచాలక కార్యాలయం. 1949లో అరుదైన ఖనిజాల సర్వే విభాగంగా మొదలైన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం 1974లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మారింది. అదే ఆవరణలో భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన ఖనిజ శుద్ధి విభాగం పనిచేస్తోంది. దొరికిన రాతిలోంచి లోహాన్ని ఎలా బయటికి తీయాలన్నది ఈ విభాగం పని.

వెతికి పట్టుకోవడం, బయటికి తీయడం వేరువేరు పనులు. ఈ తేడా తెలుసుకోవడానికి కడప జిల్లాలో పులివెందుల సమీపంలోని తుమ్మలపల్లె మంచి ఉదాహరణ. అక్కడి యురేనియం నిక్షేపం గురించి 1980ల నాటికే తెలుసు. గనికీ శుద్ధి కర్మాగారానికీ శంకుస్థాపన జరిగింది 2007లో, ఉత్పత్తి మొదలైంది 2012లో. మధ్యలో రెండు దశాబ్దాలకు పైగా గడిచాయి. ధాతువు తక్కువ శ్రేణిది కావడం, దాని శుద్ధికి మన దేశంలో అనుభవం ఉన్న పద్ధతి లేకపోవడం ఈ జాప్యానికి ముఖ్య కారణాలు. ఆ చిక్కు ఏమిటో, ఎలా విడిందో, విడదీసిన పద్ధతి కొత్తగా ఏ బాధ్యతను తెచ్చిపెట్టిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. ధాతువు ఎప్పుడు మొండిదవుతుంది?

లాభసాటిగా లోహాన్ని తీయడానికి వీలైన ఖనిజాన్ని ధాతువు అంటామనీ, దానితో కలిసి ఉండే పనికిరాని రాతి భాగాన్ని ఖనిజ మాలిన్యం అంటామనీ ఇంతకుముందే చదువుకున్నారు. ధాతువు సులభంగా లొంగకపోవడానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి.

మొదటిది, లోహం పాలు తక్కువగా ఉండటం. తుమ్మలపల్లె ధాతువులో యురేనియం ఆక్సైడ్ సుమారు 0.04 శాతం. అంటే టన్ను రాతిలో సుమారు 400 గ్రాములు.

రెండవది, ఖనిజ రేణువులు మరీ సన్నగా ఉండి మాలిన్యంలో చెదిరిపోవడం. భీమునిపట్నం తీరపు ఇసుకతో పోల్చి చూడండి. అక్కడ ఇల్మెనైట్, గార్నెట్ వంటి ఖనిజాలను ప్రకృతే అలలతో, గాలితో విడి గింజలుగా చేసి పెట్టింది. సాంద్రతలోని తేడాతో, అయస్కాంతంతో, విద్యుత్ క్షేత్రంతో వాటిని వేరు చేయవచ్చు. రసాయనాల అవసరం చాలా తక్కువ. తుమ్మలపల్లె రాతిలో యురేనియం ఖనిజాలు సూక్ష్మ రేణువులుగా, కొంత భాగం ఫాస్ఫేట్ పదార్థంతో కలిసిపోయి ఉంటాయి. బియ్యంలో రాళ్లు ఏరవచ్చు గాని, పిండిలో కలిసిన ఉప్పును ఏరలేం; నీళ్లలో కరిగించి తీయాలి. ఇదీ అటువంటిదే.

మూడవది, ఖనిజ మాలిన్యమే మనం వాడే రసాయనాన్ని తినేయడం. తుమ్మలపల్లె అసలు సమస్య ఇది. ఇక్కడి రాయి డోలమైట్. కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్‌ల జంట లవణం. దాదాపు 200 కోట్ల సంవత్సరాల నాటి ఈ వేంపల్లె శిలా సముదాయంలో యురేనియం ఉన్న పట్టీ సుమారు 160 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. నిక్షేపం పెద్దదే. కాని దాన్ని పట్టుకుని ఉన్న రాయి ఆమ్లానికి శత్రువు.

3. ఆమ్లం ఎందుకు పనికిరాలేదు?

ద్రావకంతో ధాతువులోని లోహాన్ని కరిగించి, మాలిన్యాన్ని వదిలేయడాన్ని నిక్షాళనం అంటారు. జార్ఖండ్‌లోని జాదూగూడలో 1960ల చివరి నుంచి యురేనియాన్ని సల్ఫ్యూరికామ్లంతో నిక్షాళనం చేస్తున్నారు. అక్కడి రాతిలో ప్రధానంగా ఉండేవి క్వార్ట్జ్, క్లోరైట్ వంటి సిలికేట్ ఖనిజాలు. వీటిలో క్వార్ట్జ్‌ను ఆమ్లం ముట్టుకోదు, మిగిలినవి పరిమితంగానే ఆమ్లాన్ని ఖర్చుచేస్తాయి. అందువల్ల వేసిన ఆమ్లంలో చెప్పుకోదగ్గ భాగం యురేనియానికి పనికొస్తుంది.

అదే ఆమ్లాన్ని కార్బొనేట్ రాతిపై పోస్తే ఏమవుతుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. నునుపు చేసిన నాపరాతి గచ్చు మీద నిమ్మరసం చుక్క పడి కాసేపు ఉంటే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. సున్నపురాయిని ఆమ్లం కరిగించి బొగ్గుపులుసు వాయువును వెళ్లగొట్టిందని అర్థం. డోలమైట్ ముద్దగా, చల్లగా ఉన్నప్పుడు కొంచెం నెమ్మదిగా స్పందిస్తుంది. పొడి చేసి వేడి చేస్తే అదీ కరిగిపోతుంది.

ఇప్పుడు లెక్క కడదాం. ధాతువులో 80 శాతం డోలమైట్ ఉందనుకోండి.
• టన్ను ధాతువులో డోలమైట్: 800 కిలోలు.
• డోలమైట్ అణుభారం సుమారు 184. ఒక అణువు డోలమైట్‌కు రెండు అణువుల సల్ఫ్యూరికామ్లం కావాలి. వాటి భారం 196.
• కావలసిన ఆమ్లం: 800ను 196తో గుణించి 184తో భాగిస్తే సుమారు 850 కిలోలు.
• దీనివల్ల ఏర్పడే జిప్సం సుమారు 750 కిలోలు, బొగ్గుపులుసు వాయువు సుమారు 380 కిలోలు.

ఇంత ఖర్చుపెట్టి మనం ఆశిస్తున్నది 400 గ్రాముల యురేనియం ఆక్సైడ్! కర్మాగారం రోజుకు 3000 టన్నుల ధాతువును శుద్ధి చేసే సామర్థ్యం గలది. ఆమ్ల పద్ధతి పాటిస్తే రోజుకు 2500 టన్నులకు పైగా ఆమ్లం కావాలి. యురేనియం గనికంటే ముందు ఆమ్లపు కర్మాగారాలు కట్టాల్సి వస్తుంది. ఆమ్లం యురేనియాన్ని కరిగించలేకపోవడం కాదు ఇక్కడి సమస్య. రాతిని మొత్తం కరిగించకుండా యురేనియం దగ్గరికి చేరలేకపోవడం.

4. క్షార నిక్షాళనం: రాతిని వదిలి లోహాన్ని పట్టడం

డోలమైట్ కార్బొనేట్ లవణం కాబట్టి, కార్బొనేట్ ద్రావణంలో అది దాదాపుగా కరగదు. యురేనియానికి మాత్రం కార్బొనేట్‌తో గట్టి స్నేహం ఉంది. క్షార నిక్షాళనానికి ఆధారం ఈ తేడాయే. ఇందులో వాడే ముఖ్య రసాయనాలు రెండూ మీకు పరిచయమైనవే: సోడియం కార్బొనేట్ అంటే బట్టల సోడా, సోడియం బైకార్బొనేట్ అంటే వంటసోడా.

చర్యను మూడు అంచెలుగా అర్థం చేసుకోవాలి.

(అ) ఆక్సీకరణం. ఖనిజంలోని యురేనియం చాలావరకు +4 ఆక్సీకరణ స్థితిలో ఉంటుంది. ఈ స్థితిలో అది సులభంగా కరగదు. ఆక్సిజన్ దాన్ని +6 స్థితికి తెస్తుంది. అప్పుడది యురేనైల్ అయాన్‌గా మారడానికి సిద్ధమవుతుంది.

(ఆ) సంక్లిష్టం ఏర్పడటం. ఒక్కొక్క యురేనైల్ అయాన్‌ను మూడు కార్బొనేట్ అయాన్‌లు చుట్టుముట్టి యురేనైల్ ట్రైకార్బొనేట్ అనే సంక్లిష్ట అయాన్‌గా మారుస్తాయి. ఇది నీటిలో చక్కగా కరుగుతుంది, స్థిరంగా ఉంటుంది.

(ఇ) బైకార్బొనేట్ కాపలా. ఈ చర్యలో హైడ్రాక్సైడ్ అయాన్‌లు పుడతాయి. అవి పోగుపడితే కరిగిన యురేనియం సోడియం డైయురేనేట్‌గా మళ్లీ గడ్డకట్టి రాతిపొడిలో కలిసిపోతుంది. బైకార్బొనేట్ ఆ హైడ్రాక్సైడ్‌ను ఎప్పటికప్పుడు తటస్థం చేస్తుంది. ఈ విషయం గుర్తుంచుకోండి. ఇక్కడ మనం అడ్డుకుంటున్న ఈ చర్యనే చివరి దశలో కావాలని జరిపిస్తాం.

ఈ పద్ధతికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఆమ్లం రాతిని తొలుచుకుంటూ లోపలికి పోగలదు. కార్బొనేట్ ద్రావణం రాతిని కరిగించదు కాబట్టి లోపలికి పోలేదు. రేణువు లోపల చిక్కుకున్న యురేనియం దానికి అందదు. అందుకని ధాతువును బాగా సన్నగా, ఎక్కువ భాగం మిల్లీమీటరులో పదమూడో వంతు కంటే చిన్న రేణువులయ్యేటట్లు నూరాలి. దీనికి విద్యుత్ ఖర్చు ఎక్కువ. రెండో ఇబ్బంది, మామూలు ఉష్ణోగ్రతలో చర్య చాలా నెమ్మది. అందుకే ఆటోక్లేవ్ అనే మూసిన పాత్రలో, సుమారు 125-130 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పీడనంతో ఆక్సిజన్ పంపుతూ కొన్ని గంటలపాటు చర్య జరిపిస్తారు. ప్రెషర్ కుక్కర్‌లో కందిపప్పు త్వరగా ఉడకడానికి కారణం నీరు 100 డిగ్రీలు దాటి వేడెక్కగలగడం. ఇక్కడా ఆ సూత్రమే పనిచేస్తుంది. దీనికి అదనంగా, పీడనం పెరిగితే ద్రావణంలో ఆక్సిజన్ ఎక్కువగా కరిగి ఆక్సీకరణం వేగం పుంజుకుంటుంది.

యురేనియం కోసం ఈ పద్ధతిని మన దేశంలో పారిశ్రామిక స్థాయిలో మొదట అమలుచేసిన చోటు తుమ్మలపల్లె. దాని వెనుక బేగంపేట ప్రయోగశాలలో గ్రాముల మోతాదులో, తరవాత నమూనా యంత్రాలలో ఎక్కువ మోతాదులో జరిగిన పరీక్షలు ఉన్నాయి. ఎంత సన్నగా నూరాలి, ఎంత వేడి, ఎంత సోడా, ఎంతసేపు అనే నాలుగు ప్రశ్నలకూ ఒకదానితో మరొకటి ముడిపడిన జవాబులు వెతకాలి. వేడి పెంచితే సమయం తగ్గుతుంది గాని పాత్ర ఖరీదు పెరుగుతుంది. సన్నగా నూరితే రాబడి పెరుగుతుంది గాని ఆ బురదను వడకట్టడం కష్టమవుతుంది. ఖనిజ శుద్ధి శాస్త్రజ్ఞుడి పనిలో ఎక్కువ భాగం ఇటువంటి బేరమే.

5. కర్మాగారంలో వరస

(1) గని నుంచి వచ్చిన ధాతువును పగలగొట్టి, నీటితో కలిపి నూరుతారు.
(2) చిక్కటి బురదకు సోడాలు కలిపి ఆటోక్లేవ్‌లోకి పంపుతారు.
(3) నిక్షాళనం పూర్తయ్యాక, అడ్డంగా కదిలే పట్టీ వడపోత యంత్రాలపై ద్రావణాన్ని రాతిపొడి నుంచి వేరుచేస్తారు. పొడికి అంటుకున్న యురేనియం పోకుండా కడుగుతారు.
(4) ద్రావణానికి సోడియం హైడ్రాక్సైడ్ కలిపి క్షారతను పెంచుతారు. ఇందాక బైకార్బొనేట్ అడ్డుకున్న చర్య ఇప్పుడు జరిగి, పసుపు రంగు సోడియం డైయురేనేట్ అవక్షేపంగా పడుతుంది. దీన్ని ఆరబెట్టి హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి పంపుతారు. అక్కడ అది రియాక్టర్లకు కావలసిన ఇంధనంగా మారుతుంది.
(5) మిగిలిన ద్రావణంలో సోడా ఇంకా ఉంటుంది. బొగ్గుపులుసు వాయువును పంపి బైకార్బొనేట్‌ను తిరిగి తయారుచేసుకుని మళ్లీ వాడతారు. ధాతువులోని పైరైట్ సోడాతో చర్య జరిపి సోడియం సల్ఫేట్‌ను ఇస్తుంది. ఇది పేరుకుపోకుండా స్ఫటికాలుగా వేరుచేయాలి.

ఐదో అంచెను చాలామంది విద్యార్థులు పరీక్షలో వదిలేస్తుంటారు. అలా చేయకండి. సోడా, నీరు తిరిగి వాడకపోతే ఈ పద్ధతి ఆర్థికంగా నిలబడదు, పర్యావరణపరంగా అసలే నిలబడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) బైకార్బొనేట్ లేకుండా కేవలం సోడియం కార్బొనేట్‌తో నిక్షాళనం చేస్తే ఏమవుతుంది?
(ఆ) ఆమ్ల నిక్షాళనం కంటే క్షార నిక్షాళనానికి ధాతువును ఎక్కువ సన్నగా ఎందుకు నూరాలి?

6. మిగిలిపోయేది ఏమిటి?

ఇప్పటిదాకా 400 గ్రాముల గురించి మాట్లాడుకున్నాం. టన్నులో మిగతా 999 కిలోలకు పైగా ఉన్న పదార్థం ఎక్కడికి పోతుంది? రోజుకు 3000 టన్నుల ధాతువులో ఉన్న యురేనియం ఆక్సైడ్ అంతా దక్కినా 1.2 టన్నులే. తక్కినదంతా వ్యర్థమే. బురద రూపంలోని వ్యర్థాన్ని గట్లు కట్టిన వ్యర్థాల చెరువులోకి పంపుతారు.

ఈ వ్యర్థం గురించి మూడు విషయాలు తెలిసి ఉండాలి. యురేనియాన్ని తీసేసినా, అది క్షీణించడం వల్ల పుట్టిన థోరియం-230, రేడియం-226 వంటివి రాతిలోనే ఉండిపోతాయి. ధాతువులోని మొత్తం రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థంలోనే మిగులుతుంది. రేడియం-226 అర్ధాయువు 1600 సంవత్సరాలు. గని ఆయుష్షు కొన్ని దశాబ్దాలు.

రెండోది, వ్యర్థంతోపాటు వెళ్లే నీటిలో సోడియం లవణాలు ఉంటాయి. సోడియం కార్బొనేట్ ఎక్కువైన నేల ఎలా ఉంటుందో రాయలసీమ రైతుకు చెప్పనక్కరలేదు. దాన్నే చౌడు అంటాడు. నీరు ఇంకదు, మొక్క ఎదగదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. యురేనియం కార్బొనేట్‌తో కలిసి కరిగే సంక్లిష్టంగా మారుతుందని నాలుగో విభాగంలో చదివారు. ఆ చర్య ఆటోక్లేవ్ గోడలతో ఆగదు. సున్నపురాతి ప్రాంతపు భూగర్భ జలంలో బైకార్బొనేట్, కాల్షియం సహజంగానే ఉంటాయి. అటువంటి నీటిలోకి చేరిన యురేనియం మట్టికి అంటుకుని ఆగిపోకుండా నీటితోపాటు ప్రయాణం చేయగలదు. కర్మాగారంలో మనకు మేలుచేసిన గుణం చెరువు అడుగున మనకు ఎదురుతిరుగుతుంది. క్షార పద్ధతిని ఎంచుకున్నవారు చెరువు అడుగున నీరు ఇంకని పొర వేయడాన్ని పద్ధతిలో భాగంగానే చూడాలి. దాన్ని అదనపు ఖర్చుగా చూడకూడదు.

ఈ మాట పుస్తకానికే పరిమితం కాదు. తుమ్మలపల్లె చెరువు పరిసరాల్లోని కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె గ్రామాల రైతులు తమ బోర్ల నీరు పాడైందనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఫిర్యాదు చేశారు. చెరువు అడుగున పొర విషయమై 2018లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషన్‌ను వివరణ కోరింది. తమ చెరువు వల్ల కాలుష్యం జరగలేదని సంస్థ వాదించింది.

ఇటువంటి వివాదంలో శాస్త్ర విద్యార్థి ఎలా ఆలోచించాలి? యురేనియం ఉన్న శిలల ప్రాంతంలో బోరు నీటిలో కొంత యురేనియం సహజంగానే ఉండవచ్చు. కాబట్టి నీటిలో యురేనియం కనబడటం ఒక్కటే చెరువు తప్పును రుజువు చేయదు. అలాగే, సహజంగా ఉండవచ్చునన్న మాట ఒక్కటే చెరువును నిర్దోషిని చేయదు. కింది పరీక్షలు అవసరం:
• కర్మాగారం మొదలుకాక ముందు అవే బోర్లలో కొలిచిన విలువలతో పోలిక.
• యురేనియంతోపాటు సోడియం, సల్ఫేట్ కూడా పెరిగాయా? ఇవి నిక్షాళన ద్రావణపు గుర్తులు.
• చెరువు నుంచి నీటివాలు దిశలో దూరం పోయేకొద్దీ విలువలు తగ్గుతున్నాయా?
• యురేనియం-234, యురేనియం-238ల రేడియోధార్మికతల నిష్పత్తి ఎంత? ధాతువు నుంచి కరిగించిన యురేనియంలో ఇది సుమారు 1. సహజ భూగర్భ జలంలో తరచుగా 1 కంటే ఎక్కువ.

తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి 60 మైక్రోగ్రాములు. యురేనియం విషయంలో ఇక్కడ ప్రధానంగా చూసేది మూత్రపిండాలపై దాని రసాయనిక ప్రభావం. కొలతలన్నీ గ్రామస్థులకు అర్థమయ్యే భాషలో, ఏ నెలవి ఆ నెల అందుబాటులో ఉంటే సగం వివాదం పెరగకుండానే ఆగుతుందని నా అభిప్రాయం.

7. అమీర్‌పేటలోని ధాతువు

మొండి ధాతువులన్నీ భూమిలోనే ఉండవు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ఏటా పక్కన పెట్టేసే పాత కంప్యూటర్ల సర్క్యూట్ బోర్డుల గురించి ఆలోచించండి. బంగారు గనుల్లో టన్ను ధాతువుకు కొన్ని గ్రాముల బంగారం ఉంటే గని నడుస్తుంది. టన్ను పాత బోర్డుల్లో వంద గ్రాములకు పైగా ఉండవచ్చు. శ్రేణి గొప్పదే. అయినా ఇది మొండి ధాతువే. బంగారం అతి పలుచని పూతగా ఉంటుంది. రాగి, తగరం, సీసం, గాజు పీచు, ప్లాస్టిక్ దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. ఆమ్లంలో వేస్తే ముందుగా ఆమ్లాన్ని తినేది రాగి, ఇతర లోహాలే. మూడో విభాగంలోని డోలమైట్ పాత్రను ఇక్కడ రాగి పోషిస్తోంది. కాబట్టి ముందు బోర్డులను ముక్కలు చేసి, పొడి చేసి, సాంద్రత ఆధారంగా లోహాన్నీ ప్లాస్టిక్‌నూ వేరుచేసి, రాగిని తీశాకే బంగారం జోలికి వెళ్లాలి. హైదరాబాద్‌లోనే ఉన్న సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతులపై పనిచేస్తోంది.

ఇదే పనిని అనధికారికంగా చేసేచోట బోర్డులను ఆరుబయట కాలుస్తారు, ఆమ్లంలో ముంచి ఆ నీటిని మురుగు కాలువలోకి వదులుతారు. బంగారం వస్తుంది. సీసం, విషవాయువులు పక్కింటివారి పాలబడతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి. మీ సంస్థలో పాత కంప్యూటర్లను తూకానికి అమ్ముతుంటే, కొనేవారి నమోదు పత్రం అడగండి.

8. సారాంశం

లోహం పాలు తక్కువగా ఉండటం, రేణువులు సన్నగా చెదిరి ఉండటం, మాలిన్యం రసాయనాన్ని తినేయడం ధాతువును మొండిగా మారుస్తాయి. తుమ్మలపల్లెలో ఈ మూడూ ఉన్నాయి. ఆమ్లం డోలమైట్‌కే ఖర్చైపోతుంది కాబట్టి, వేడి, పీడనం, ఆక్సిజన్‌లతో సోడా ద్రావణాన్ని వాడి రాతిని వదిలి యురేనియాన్ని కరిగించారు. క్షారత పెంచి దాన్ని అవక్షేపంగా రాబట్టారు. యురేనియాన్ని కరిగించిన కార్బొనేట్ గుణమే భూగర్భ జలంలో దాన్ని దూరం మోయగలదు. అందువల్ల శుద్ధి పద్ధతి పసుపు అవక్షేపంతో ముగియదు. వ్యర్థాల చెరువు అడుగు, చుట్టుపక్కల బోరు నీరు కూడా అందులో భాగమే.

9. కీలక పదాలు

నిక్షాళనం: ద్రావకంతో ధాతువులోని లోహాన్ని కరిగించి వేరుచేయడం.
ఖనిజ మాలిన్యం: ధాతువుతో కలిసి ఉండే పనికిరాని పదార్థం.
ఆటోక్లేవ్: అధిక ఉష్ణోగ్రత, పీడనాల వద్ద చర్యలు జరిపే మూసిన పాత్ర.
సంక్లిష్ట అయాన్: కేంద్ర లోహ అయాన్ చుట్టూ ఇతర అయాన్‌లు చేరి ఏర్పడే అయాన్.
వ్యర్థాల చెరువు: శుద్ధి తరవాత మిగిలిన బురదను నిలవ ఉంచే చోటు.

10. 'మీ ప్రగతిని సరిచూసుకోండి' – సమాధానాలు

(అ) చర్యలో పుట్టే హైడ్రాక్సైడ్ పోగుపడి, కరిగిన యురేనియం సోడియం డైయురేనేట్‌గా తిరిగి అవక్షేపమై వ్యర్థంతో పోతుంది.
(ఆ) కార్బొనేట్ ద్రావణం డోలమైట్‌ను కరిగించి లోపలికి పోలేదు. యురేనియం రేణువు ఉపరితలం ముందే బయటపడి ఉండాలి.

11. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జాదూగూడ, తుమ్మలపల్లె ధాతువుల మధ్య భేదాన్నీ, అది శుద్ధి పద్ధతిని మార్చిన తీరునూ వివరించండి.
2. ఒక ధాతువులో 30 శాతం డోలమైట్ ఉంది. టన్నుకు కావలసిన సల్ఫ్యూరికామ్లాన్ని లెక్కకట్టండి.

II. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పీడనంతో కూడిన క్షార నిక్షాళనాన్ని దశలవారీగా వివరించండి.
2. ఒక గ్రామంలో బోరు నీటి యురేనియం లీటరుకు 80 మైక్రోగ్రాములు ఉంది. అది సహజమైనదా, వ్యర్థాల చెరువు నుంచి వచ్చిందా అని తేల్చడానికి మీరు ఏయే పరీక్షలు చేయిస్తారు? ఒక్కొక్క పరీక్ష ఫలితం ఎలా ఉంటే ఏ నిర్ణయానికి వస్తారో కారణాలతో రాయండి.